జనవరిలో సమామిష్ సరస్సు మీద కయాక్: ఎండను చూసి బయలుదేరవద్దు, నీటిని చూసి సిద్ధపడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సియాటెల్ దగ్గర రెడ్‌మండ్‌లో ఉంటున్నారు. మొన్న వేసవిలో కయాక్ కొన్నారు, సమామిష్ సరస్సు మీద పదిహేనుసార్ల దాకా తిరిగారు. చిన్నప్పుడు గోదావరిలో ఈత నేర్చుకున్నారు కాబట్టి నీళ్లంటే భయం లేదు. లైఫ్ జాకెట్, వాన కోటు, ఉన్ని టోపీ ఉన్నాయి. జనవరిలో ఎండ కాసే శనివారం ఒకటి చూసుకుని, ఒడ్డు వెంబడే ఒక గంటసేపు వెళ్లి వస్తే ప్రమాదమా, వెట్‌సూట్ ఒకటి కొంటే సరిపోతుందా అని అడిగారు.

ఈ జనవరిలో వద్దండి. ఇప్పుడు మీ దగ్గరున్న సామానుతో, ఇప్పుడున్న అభ్యాసంతో అయితే గంట మాట అటుంచి పది నిమిషాలు కూడా వద్దు. వచ్చే శీతాకాలానికి మాత్రం మీరు తప్పకుండా సిద్ధం కాగలరు. అందుకు కావలసినవి: డ్రైసూట్ (లోపలికి నీరు రానివ్వని దుస్తు), దాని కింద ఉన్ని బట్టలు, తలకు నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన హుడ్, ఒంటి మీద బిగించి కట్టుకున్న లైఫ్ జాకెట్, బోల్తా పడ్డ పడవలోకి చల్లటి నీళ్లలోనే తిరిగి ఎక్కగలిగే అభ్యాసం, పక్కన ఇంకో మనిషి. వెట్‌సూట్ సంగతి కింద వివరంగా రాశాను. అది వేసవికి ముందూ వెనుకా పనికివస్తుంది, జనవరికి చాలదు.

నేను 14 ఏళ్లుగా ఇక్కడి సరస్సుల మీద, సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో కయాక్ నడుపుతున్నాను. శీతాకాలాలు కూడా మానను. కొన్నేళ్లుగా కొత్తవాళ్లకు నీళ్లలో పడి లేవడం నేర్పిస్తున్నాను. డిసెంబరు ఉదయాన మంచు తెర కింద నీళ్లు అద్దంలా పరుచుకుని ఉంటే, తెడ్డు ముంచిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. వేసవిలో మోటారు పడవల మధ్య ఆ భాగ్యం లేదు. మీకు ఆ కోరిక ఎందుకు పుట్టిందో నాకు బాగా తెలుసు. అందుకే ఒక్క మాటలో కాదని తేల్చేయకుండా ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. సంక్రాంతి రోజుల్లో కూడా గోదావరి నీళ్లు 20 డిగ్రీలకు పైనే ఉంటాయి. తెల్లవారుజామున మునిగితే ఒళ్లు జివ్వుమంటుంది, రెండు బారలు ఈదగానే సర్దుకుంటుంది. మనందరి ఒంట్లో చలినీళ్ల జ్ఞాపకం అదే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సమామిష్ నీళ్లు దాదాపు 6 నుంచి 8 డిగ్రీలు. ప్యూజెట్ సౌండ్ కూడా అంతకు కాస్త అటూఇటూగా ఉంటుంది, నిండు వేసవిలో సైతం అక్కడ చాలాచోట్ల 13, 14 డిగ్రీలే. కింగ్ కౌంటీ వాళ్లు సరస్సుల నీటి ఉష్ణోగ్రతలను ఆన్‌లైన్‌లో పెడతారు. గాలి ఎంత వెచ్చగా ఉందో ఫోనులో చూసే అలవాటు అందరికీ ఉంది. నీరు ఎంత చల్లగా ఉందో చూసే అలవాటు చేసుకోండి. ఒంట్లోని వేడిని నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.

చలినీళ్లలో పడితే ఒళ్లు నెమ్మదిగా చల్లబడి, స్పృహ తప్పి చనిపోతారని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలామంది ప్రాణాలు అంతకు ఎంతో ముందే, మొదటి నిమిషాల్లోనే పోతాయి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు తానే స్వయంగా మంచునీళ్లలో దిగి ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి ఒక గంట. మనిషిని బట్టి, బట్టలను బట్టి, నీటిని బట్టి అంకెలు మారతాయి కానీ వరుస మాత్రం అదే.

ఆ మొదటి నిమిషమే అసలు గండం. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే నోరు తెరుచుకుని గుక్క లోపలికి పోతుంది. అది మన ఇష్టం మీద జరిగేది కాదు. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే లోపలికి పోయేది నీరే. ఆ వెంటనే ఊపిరి ఎగపోస్తుంది, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పైకి లేస్తుంది. ఊపిరి బిగబట్టగలిగే సమయం కొన్ని సెకన్లకు పడిపోతుంది. బ్రిటన్‌లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ టిప్టన్ పరిశోధనలు ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతాయి: ఈ అదురుపాటు 10 నుంచి 15 డిగ్రీల మధ్యే తారస్థాయికి చేరుతుంది, నీళ్లు అంతకన్నా చల్లబడితే కొత్తగా పెరిగేది పెద్దగా ఉండదు. అంటే జనవరిలో ఉన్నంత ప్రమాదం ఏప్రిల్, మే నెలల్లోనూ ఉంది. బయట ఎండ హాయిగా ఉంటుంది, చొక్కా చేతులు మడుచుకుని జనం నీళ్ల మీదికి వచ్చేస్తారు, నీరు మాత్రం ఇంకా శీతాకాలంలోనే ఉంటుంది.

నాకు ఇది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. నేను కయాక్ మొదలుపెట్టిన రెండో ఏడు, మార్చి నెల. లేక్ వాషింగ్టన్ మీద ఎండ కాస్తోంది. జీన్స్ ప్యాంటు, ఫ్లీస్ జాకెట్ వేసుకున్నాను. లైఫ్ జాకెట్ వేడిగా ఉందని విప్పి వెనకాల డెక్ తాళ్ల కింద దూర్చాను. ఒడ్డు ముప్పై మీటర్లు కూడా ఉండదు. జారిపోతున్న నీళ్ల సీసాను అందుకుందామని పక్కకు వంగాను, అంతే. పడవ తిరగబడింది.

పైకి తేలాక కేక వేద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. కుక్క వగర్చినట్టు ఊపిరి వస్తోంది, పోతోంది, నా చేతిలో లేదు. చిన్నప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో దూకినదాన్ని, తర్వాత కాలువకు అడ్డంగా ఈదినదాన్ని. ఆ ఈత ఏమైందో తెలియలేదు. చేతులు నీళ్లను కొడుతున్నాయి తప్ప బార పడటం లేదు. పడవ దగ్గరలోనే తేలుతోంది కాబట్టి దాన్ని పట్టుకున్నాను. ఒక రేవు మీద కూర్చున్న పెద్దాయన చూసి తాడు విసిరారు. తాడు చేతికి అందింది కానీ వేళ్లు దాని చుట్టూ మూసుకోలేదు. చివరికి మోచేతికి చుట్టుకుంటే ఆయన లాగారు. నీళ్లలో ఉన్నది ఏడెనిమిది నిమిషాలే. ఇంటికి చేరాక కూడా జాకెట్ జిప్పు నేను తీసుకోలేకపోయాను, మా వారు తీశారు. ఆ పెద్దాయన ఆ పూట రేవు మీద కూర్చుని ఉండకపోతే ఇవాళ మీకు ఈ జవాబు రాసే మనిషి ఉండేది కాదు.

అందుకే ఈత బాగా వచ్చు అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. ఈత రావడం మంచిదే. కానీ మొదటి నిమిషంలో ఈదకూడదు. బ్రిటన్‌లో సముద్రపు రక్షణ పడవలు నడిపే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ ప్రజలకు పదేపదే చెప్పేది కూడా ఇదే: ముందు తేలండి. తల వెనక్కి వాల్చి, లైఫ్ జాకెట్ మీద భారం వేసి, ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. ఆ తర్వాత పడవను పట్టుకోండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా పడవను వదిలేసి ఈత కొట్టవద్దు. పది నిమిషాల్లో కండరాలకు రక్తం తగ్గి చేతులు కర్రల్లా అయిపోతాయి, లైఫ్ జాకెట్ లేని గజ ఈతగాడు కూడా అప్పుడే మునుగుతాడు.

ఇక వెట్‌సూట్. అది ఒంటికి అతుక్కుని, లోపలికి వచ్చిన పలుచటి నీటిపొరను ఒంటి వేడితో వెచ్చబరిచి పట్టి ఉంచుతుంది. కయాక్ నడిపేవాళ్లు ఎక్కువగా కొనేది చేతులు లేని 3 మిల్లీమీటర్ల రకం. భుజాలు బాగా తిరుగుతాయని దాన్ని ఇష్టపడతారు. 15 డిగ్రీల నీటికి అది నయమే. 7 డిగ్రీల నీటిలో చేతులు, చంకలు, మెడ బయటే ఉంటాయి, చలి నేరుగా తగులుతుంది. పైగా వెట్‌సూట్ తడిశాక గాలి వీస్తే పడవలో కూర్చున్నప్పుడు కూడా వణుకు ఆగదు. సర్ఫింగ్ చేసేవాళ్లు వాడే 5, 6 మిల్లీమీటర్ల మందపు సూట్లు చలినీటికి బాగానే పనిచేస్తాయి కానీ వాటితో గంటసేపు తెడ్డు వేస్తే భుజాలు పట్టేస్తాయి.

డ్రైసూట్ అంటే లోపలికి నీరు రానివ్వని కోటూ ప్యాంటూ కలిసిన దుస్తు. మెడకు, మణికట్లకు లేటెక్స్ రబ్బరు పట్టీలు ఉంటాయి, వాటిని గాస్కెట్లు అంటారు. పాదాలకు మేజోళ్లు దానికే అతికించి ఉంటాయి. కొత్తవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే: డ్రైసూట్ వెచ్చదనం ఇవ్వదు, తడవకుండా చూస్తుంది, అంతే. వెచ్చదనం దాని కింద వేసుకున్న బట్టలది. నేను జనవరిలో ఒంటికి పలుచటి మెరీనో ఉన్ని, దాని మీద మందపాటి ఫ్లీస్, కాళ్లకు రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకుంటాను. నూలు బట్ట ఒక్కటి కూడా ఉండకూడదు, లోపలి బనియను సహా. చెమటకు తడిసినా నూలు చల్లబడిపోతుంది.

గాస్కెట్లు మొదట్లో గొంతు పట్టినట్టు అనిపిస్తాయి. షాపులో వేసుకుని చూసి ఊపిరాడటం లేదని తిరిగి ఇచ్చేసినవాళ్లను చూశాను. డబ్బా లాంటి గుండ్రటి వస్తువు మీద కొన్నిరోజులు ఎక్కించి ఉంచితే లేటెక్స్ కాస్త సాగుతుంది. అప్పటికీ బిగుతుగా ఉంటే తయారీదారు చెప్పిన పద్ధతిలో కొద్దికొద్దిగా అంచు కత్తిరించాలి. గోళ్లు, ఉంగరాలు, చెవి పోగులు తగిలితే చిరుగుతుంది. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ లాంటి జిడ్డు తగిలితే లేటెక్స్ కుళ్లిపోతుంది, మన ఇళ్లలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ఆడవాళ్లకు ఇంకో మాట: వెనుక వైపు తెరుచుకునే జిప్పు ఉన్న సూటే కొనండి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా పడవ ఎక్కేవాళ్లు ఉన్నారు. నీరు తక్కువైన ఒళ్లు చలికి త్వరగా లొంగుతుంది.

తల, చేతులు. ఉన్ని టోపీ పడవ మీద హాయిగా ఉంటుంది, నీళ్లలో పడితే ఊడిపోతుంది. నియోప్రీన్ హుడ్ చెవులనూ మెడనూ కప్పి ఉంచుతుంది, చల్లటి నీరు చెవిలోకి పోతే వచ్చే తల తిరుగుడును ఆపుతుంది. అది వేసుకుంటే మాటలు సరిగా వినిపించవని కొందరు తీసేస్తారు, నేను తీయను. చేతులకు తెడ్డు మీద తొడిగే పోగీలు అనే తొడుగులు ఉంటాయి. లోపల చేతులు వెచ్చగా ఉంటాయి, తెడ్డు మీద పట్టు తప్పదు. కానీ నీళ్లలో పడ్డ మరుక్షణం చేతులు పోగీల్లోంచి బయటికి వచ్చేస్తాయి. అందుకని నియోప్రీన్ చేతి తొడుగులు ఒక జత లైఫ్ జాకెట్ జేబులోనే ఉండాలి. పడవ వెనుక డబ్బాలో ఉంటే లేనట్టే.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే పని చెబుతాను. ప్రతిసారీ, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, పడవ ఎక్కే ముందు నీళ్లలోకి దిగాలి.

నేను ఐడిల్‌వుడ్ పార్కు దగ్గర పడవను గులకరాళ్ల మీద వదిలి, పూర్తి సరంజామాతో నడుములోతుకు నడుస్తాను. నీటి ఒత్తిడికి సూటు కాళ్లకు చుట్టుకుంటుంది, లోపలి గాలి ఛాతీ దగ్గరకు చేరి బుర్రలా ఉబ్బుతుంది. మోకాళ్లు మడిచి మెడదాకా కూర్చుని, రెండు వేళ్లతో మెడ గాస్కెట్‌ను కొంచెం తెరిస్తే ఆ గాలి బుస్సుమని చెంపకు తగులుతూ పోతుంది. వేళ్లు తీయగానే రబ్బరు మళ్లీ మెడకు అతుక్కుంటుంది. తర్వాత ముఖం నీళ్లలో పెడతాను. నుదుటి మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది, కళ్ల చుట్టూ పిండేసినట్టు ఉంటుంది. పది లెక్కపెట్టి తల ఎత్తి, మళ్లీ పెడతాను. మూడోసారికి ఊపిరి నిదానిస్తుంది. ఈ మధ్యలో మణికట్టు దగ్గరో, కాలి మడమ దగ్గరో సన్నటి చల్లటి గీత ఒకటి పాకుతున్నట్టు అనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు. ఒకసారి నడుము దగ్గర అలాగే తగిలింది. చూస్తే జిప్పు చివరి అంగుళం పూర్తిగా పడలేదు. సరస్సు మధ్యలో పడి ఉంటే సూటు నిండా నీళ్లు చేరేవి.

ఐదు నిమిషాల పని ఇది. సామాను పనిచేస్తోందో లేదో తెలుస్తుంది, ఒంటికి ఆ చలి ముందే పరిచయం అవుతుంది. ఇంకో గుణం కూడా ఉంది. మెడదాకా దిగడానికి మీకు మనసు రాకపోతే ఆ రోజు పడవ ఎక్కకండి. దిగడానికే భయపడే నీళ్ల మీద గంటసేపు కూర్చోవడం పద్ధతి కాదు.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట చాలు: ఎప్పుడూ ఒంటి మీదే, అన్ని బకిళ్లూ బిగించి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవులదాకా రాకూడదు. దానికో ఈల కట్టి ఉండాలి. ఊపిరి ఎగపోస్తున్నప్పుడు కేక రాదని పైన చెప్పాను, ఈల మాత్రం ఎంత చిన్న ఊపిరితోనైనా మోగుతుంది.

మీ పడవ ఏ రకమో రాయలేదు. వేసవి షికార్లకు కొనే పది అడుగుల కయాక్‌లలో చాలావాటికి ముందు వైపు అడ్డుగోడ (కూర్చునే అరలోని నీరు పడవ కొసలోకి పోకుండా ఆపేది) ఉండదు, కొన్నిటికి రెండు వైపులా ఉండదు. అలాంటిది బోల్తా పడితే స్నానాల తొట్టిలా నిండిపోతుంది. దాన్ని నీళ్లలో ఉండి ఖాళీ చేయడం ఒక మనిషి వల్ల కాదు. కనీసం ముందూ వెనుకా గాలి సంచులు ఊది కట్టి ఉంచాలి. ముందూ వెనుకా అడ్డుగోడలున్న పడవ అయితే మధ్య అర మాత్రమే నిండుతుంది, చేతిపంపుతో తోడుకోవచ్చు. స్ప్రే స్కర్ట్ (నడుముకు తొడిగి, కూర్చునే అరలోకి నీరు రాకుండా దాని అంచుకు బిగించే కప్పు) వాడితే దాని ముందు పట్టీ బయటికి ఉందో లేదో ఎక్కగానే ఎప్పుడూ తడిమి చూసుకోవాలి. అది లోపల ఇరుక్కుంటే తలకిందులుగా ఉన్నప్పుడు బయటికి రాలేరు.

తిరిగి ఎక్కే అభ్యాసం లేకుండా పైన చెప్పిన సామాను అంతా కలిపి మీకు ఇచ్చేది కాస్త ఎక్కువ సమయం మాత్రమే. తోడు ఉంటే వాళ్లు మీ పడవను తమ పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్లు ఒలకబోసి, నిటారుగా చేసి పట్టుకుంటారు. మీరు వెనుక డెక్ మీద బోర్లా పాకి కాళ్లు లోపలికి పెడతారు. అలవాటైనవాళ్లకు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. తోడు దూరంగా ఉంటే తెడ్డు చివర గాలితో ఊదే సంచి తొడిగి, దాన్ని ఊతంగా చేసుకుని ఎక్కాలి. దీనికి పాడిల్ ఫ్లోట్ అని పేరు. ఈ రెండూ ఈతకొలనులో ఒకసారి చేస్తే వచ్చినట్టు కాదు. వెచ్చటి కొలనులో నేర్చుకోండి, జూలైలో సరస్సులో ఇరవైసార్లు చేయండి, అక్టోబరులో చేతి తొడుగులతో మళ్లీ చేయండి. తొడుగులతో సంచి మూతి తిప్పి ఊదడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

ఒక ఫిబ్రవరిలో మేం నలుగురం ప్యూజెట్ సౌండ్‌లో ఉండగా మాలో ఒకాయన పడ్డారు. మంచి సూటు, మంచి పడవ. రెండుసార్లు ఎక్కబోయి జారారు. ఆయన వేసవిలో ఇదే పని అవలీలగా చేస్తారు. ఆ రోజు చేతి తొడుగులు మరిచిపోయి వచ్చారు. మూడోసారికి వేళ్లు డెక్ తాడును పట్టుకోలేకపోయాయి. నేను ఆయన లైఫ్ జాకెట్ భుజం పట్టీ పట్టుకుని, ఇంకొకరు పడవను అదిమి పెట్టి, నా బలమంతా పెట్టి లాగితే ఎక్కారు. ఒక జత తొడుగుల దగ్గర వచ్చిన తేడా అది. ఒంటరిగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా నాకు మనసొప్పదు. శీతాకాలంలో నేను ఇద్దరి కంటే తక్కువ మందితో వెళ్లను, ముగ్గురుంటే ఇంకా మంచిది.

మీరు ఎండ కాసే శనివారం అన్నారు. నేనైతే ఎండకన్నా గాలిని చూస్తాను. సమామిష్ ఉత్తర దక్షిణాలుగా సుమారు 11 కిలోమీటర్ల పొడవు. శీతాకాలపు తుపానులు వచ్చే ముందు ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. అంత పొడవునా తోసుకొచ్చిన అలలు మీరు దిగే ఉత్తరపు ఒడ్డున, మేరీమూర్ వైపు, పెద్దవవుతాయి. ఒడ్డున ఇళ్ల ముందు కట్టిన గోడలకు కొట్టుకుని వెనక్కి తిరిగే అలలు వాటితో కలిస్తే ఒడ్డు వెంబడే ఎక్కువ కుదుపు ఉంటుంది. ఒడ్డు దగ్గరుంటే చాలు అన్న ధీమా అందుకే పనికిరాదు. జాతీయ వాతావరణ సేవ సియాటెల్ కార్యాలయం ఇచ్చే సూచన రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. ప్యూజెట్ సౌండ్‌కు వాళ్లు చిన్న పడవలకు హెచ్చరిక ఇచ్చేది 21 నాట్ల (గంటకు సుమారు 39 కిలోమీటర్ల) గాలి నుంచి. కొత్తవాళ్లతో ఉన్నప్పుడు నా హద్దు 10 నాట్లే. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి. అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే వెనుక నుంచి తోస్తుంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4:20 ప్రాంతంలో పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం 2 గంటలకల్లా ఒడ్డుకు చేరేలా లెక్క వేసుకోండి.

వేసవిలో పడితే చుట్టూ పది పడవలుంటాయి, ఎవరో ఒకరు చేయి అందిస్తారు. జనవరిలో ఆ సరస్సు ఖాళీ. కాబట్టి ఎక్కడ దిగుతున్నారు, ఎటు వెళ్తున్నారు, ఎవరెవరు, పడవల రంగులు, ఎన్ని గంటలకు తిరిగివస్తారు, ఎన్ని గంటలు దాటితే 911కు ఫోను చేయాలి అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. మా ఇంట్లో అది ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. ఫోను నీళ్లు పోని సంచిలో, లైఫ్ జాకెట్‌కు తాడుతో కట్టి ఉండాలి. తడిసి మొద్దుబారిన వేళ్లను టచ్ స్క్రీన్ గుర్తించదు, పక్క బటన్లతో అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ముందే నేర్చుకోండి. ప్యూజెట్ సౌండ్‌లోకి వెళ్లే రోజు వస్తే వీహెచ్‌ఎఫ్ రేడియో కావాలి, దాని 16వ ఛానెల్‌ను కోస్ట్ గార్డ్ వింటూ ఉంటుంది.

ఒక విషయం చెప్పకుండా దాటలేను. దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు తక్కువ వయసులోనే వచ్చే ముప్పు ఎక్కువ. చలినీళ్లు తగలగానే గుండె మీద పడే భారం పైన చెప్పాను. రక్తపోటు, మధుమేహం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నా డాక్టరును అడిగాకే ఇందులో దిగండి. డాక్టరుకు "కయాకింగ్" అని చెబితే సరిపోదు, చలినీళ్లలో పడే అవకాశం ఉందని విడమర్చి చెప్పాలి.

ఎవరైనా బాగా చల్లబడితే గుర్తించడం ఎలా? మాట ముద్దముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చేతిలో వస్తువు జారిపోతుంది, ఊరికే విసుక్కుంటారు లేదా మౌనంగా ఉండిపోతారు. బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటారు, నమ్మవద్దు. గాలి తగలని చోట పడుకోబెట్టండి, తడి బట్టలు తీసి పొడి బట్టలు, దుప్పట్లు చుట్టండి. వేడినీళ్ల సీసాలు బట్టలో చుట్టి ఛాతీకి, చంకలకు పెట్టవచ్చు. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. మన ఇళ్లలో చలిపట్టిన మనిషి అరచేతులు, అరికాళ్లు రుద్దడం అలవాటు. ఇక్కడ అది చేయకూడదు, వేడినీళ్ల స్నానం కూడా వద్దు. చేతుల్లో, కాళ్లలో నిలిచిన చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. మద్యం అసలే వద్దు. వణుకు ఆగిపోయి మనిషి మగతగా ఉంటే పరిస్థితి ముదిరినట్టు. కదిలించకుండా 911కు ఫోను చేయండి.

తిండి విషయానికి వస్తే, వెళ్లే ముందు కడుపునిండా తినండి. దారిలోకి నేను నువ్వుల ఉండలు తీసుకెళ్తాను. పల్లీ పట్టీ చలికి రాయిలా అవుతుంది, పళ్లకు లొంగదు. అల్లం టీ ఫ్లాస్కు ఒకటి పడవలో, ఇంకొకటి కారులో ఉంటుంది.

ఖర్చు ఎక్కువే. కొత్త డ్రైసూట్ 600 డాలర్ల నుంచి 1,500 దాకా, ఆపైన కూడా ఉంటుంది. పాత సూట్లు సగం ధరకు దొరుకుతాయి. కొనే ముందు గాస్కెట్లను సాగదీసి చూడండి, బీటలు కనిపిస్తే మార్పించుకోవాలి, ఆ ఖర్చు కలుపుకుని బేరం ఆడండి. ఇప్పుడే అంత డబ్బు పెట్టలేమంటే తప్పేమీ లేదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా సమామిష్ మీదే తిరగండి.

మీకు నేను వేసే క్రమం ఇది. ఈ జనవరి, ఫిబ్రవరిలలో ఈతకొలనులో పెట్టే కయాక్ రక్షణ తరగతులలో చేరండి, ఇక్కడి క్లబ్బులు ఏటా పెడతాయి. జూన్‌లో సరస్సులో సాధన మొదలుపెట్టండి. ఆగస్టు, సెప్టెంబరులలో డ్రైసూట్ చూసుకోండి. అక్టోబరు నుంచి ప్రతి రెండు వారాలకు ఒకసారి నీళ్లలో దిగి, పడి, ఎక్కండి. నీళ్లు నెలనెలా చల్లబడుతుంటే మీ ఒళ్లూ దానితోపాటు అలవాటు పడుతుంది. ఆ జనవరికి ఐడిల్‌వుడ్ ఒడ్డున మెడదాకా కూర్చుని గాస్కెట్‌లోంచి గాలి వదిలే మనిషి మీరే అవుతారు.

మీ పడవ మోడల్, పొడవు, ముందూ వెనుకా అడ్డుగోడలు ఉన్నాయో లేదో రాయండి. గాలి సంచులు ఏ సైజువి పడతాయో, ఎక్కడ కట్టాలో చెబుతాను.